ఎరమాట

జూన్ 3, మంగళవారం

బావమరిది పొద్దున్నే ఊడిపడ్డాడు. కళ్ళజోళ్ళ కొట్టు తీయకుండా వచ్చాడంటే కొంపేదో మునిగే ఉంటుందనుకున్నాను. చెప్పులైనా విప్పకుండా ఫోను నా ముఖానికి ఆనించి, "బావా, నీ పుస్తకం నా ఫోనులో దూరింది చూడు" అన్నాడు.

చూశాను. నిఘంటువు యాప్. 'అ' నుంచి మొదలుపెట్టి పాతిక మాటలు చూసేసరికి చెమట పట్టింది. మాటలు మావే. ఏ మాట తరవాత ఏ మాట, ఏ మాటకి ఎన్ని అర్థాలు, ఏ అర్థం ముందు, ఏది వెనక, అన్నీ మావే. వాక్యాలకి మాత్రం చొక్కాలు మార్చారు. 'గడియ'కి మేం 'తలుపు తెరుచుకోకుండా అడ్డంగా వేసే కర్ర లేక ఇనప కమ్మి' అని రాస్తే, వాళ్ళు 'తలుపును మూసి ఉంచేందుకు పెట్టే అడ్డు కడ్డీ' అని రాశారు. గడియకే గడియ తీసి లోపలికొచ్చారు.

ఇరవై ఆరేళ్ళు. నేనూ మా ఆవిడా, ఇంటి వెనక రెండు గదులు, రెండొందల పన్నెండు సొరుగులు. ఒక్కో మాటకి ఒక్కో కార్డు. ముందు వైపు మాట, అర్థం. వెనక వైపు ఆధారం. ఆధారం లేని మాట మా పుస్తకంలోకి రాదు. ఈ నియమం నాది. అచ్చులో దొరికే మాటకి మూడు ఆధారాలు, నోటి మాటకైతే ఒక్కటి చాలు: అన్నదెవరు, వయసెంత, ఏ సందర్భంలో, విన్నదెవరు. ఎన్ని వేల కార్డులు తిప్పి చూశానో లెక్కలేదు. వాళ్ళు ఒక్క కార్డు తిప్పకుండా మొత్తం పట్టుకుపోయారు.

నాకు కడుపు మండిపోతుంటే తనకి చీమ కుట్టినట్టయినా లేదు. తమ్ముడి ఫోను తీసుకుని ఏదో ఒక్క మాట వెతికింది. దాన్ని కాసేపు చూసింది. ఫోను తిరిగిచ్చేసి వెనక గదిలోకి వెళ్ళి పని చేసుకుంది.

జూన్ 5

లాయరు దగ్గరికి వెళ్ళాం. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. బావమరిది లాయరమ్మ అంటాడు, నాకూ అదే వచ్చేస్తోంది. బల్లమీద మా మూడు సంపుటాలూ పరిచి పెట్టుకుంది. ముందే కొని చదివిందట. ఆ ఒక్కదానికీ సగం కోపం తగ్గింది.

"మాటలు ఎవరి సొత్తూ కావండీ" అంది ఎత్తుకోవడమే. ఆ సగం మళ్ళీ పెరిగింది.

"అయితే ఇంక మేమెందుకు వచ్చినట్టు?"

"మాటలు మీవి కావు సార్. వాటిని ఏరిన తీరు, పేర్చిన తీరు, అర్థం చెప్పిన తీరు మీవి. చట్టం వాటినే కాపాడుతుంది. కానీ వాక్యాలు మార్చేశారు కదా. మా యంత్రం లోకంలో ఉన్న రాతలన్నీ చదువుకుని తనంతట తనే నేర్చుకుంది, మీ పుస్తకం మొహమే చూడలేదు అంటారు. చూసిందని మనం నిరూపించాలి."

"ఎలా?"

"మీ పుస్తకంలో తప్ప లోకంలో ఎక్కడా లేనిది ఏదైనా వాళ్ళ దగ్గర దొరకాలి."

నాకు నవ్వొచ్చింది. తన వైపు చూశాను, తను కిటికీ వైపు చూస్తోంది. ఎరమాటల సంగతి నేనే చెప్పాను. మ్యాపులు గీసేవాళ్ళు ఊళ్ళో లేని సందు ఒకటి గీస్తారు, ఆ సందు ఇంకొకరి మ్యాపులో కనిపిస్తే దొంగ దొరికినట్టే. తొమ్మిదేళ్ళ కిందట మూడో కూర్పు అచ్చుకి వెళ్ళేముందు మేమూ అలాగే నాలుగు మాటలు కల్పించి పుస్తకంలో కలిపాం. మూడు నావి, ఒకటి తనది. ఆ నాలుగూ ఒక కాగితం మీద రాసి, కవరు అంటించి, నోటరీ దగ్గర దాచాం.

లాయరమ్మ కుర్చీలోంచి లేచినంత పని చేసింది. "ఇంకేం సార్, ఒక్కటి దొరికినా చాలు."

దొరక్కపోతే? అదీ అడిగాను. దొరక్కపోతే నాలుగో కూర్పు ఎవరూ వేయరు. ఫోనులో ఊరికే దొరికేదాన్ని అచ్చువేసే పిచ్చివాడెవడు? ఇంకో పదేళ్ళకి, మేమే వాళ్ళని చూసి రాశామనుకుంటారు జనం. ఇరవై ఆరేళ్ళ పని మీద మా పేర్లు ఉండవు.

జూన్ 6

నా మూడూ లేవు. జంకిలి లేదు. తలివెర లేదు. ఉబ్బరిణె లేదు. ఎవరూ వెతకని మాటల్ని యంత్రం జల్లెడ పట్టి పారేసిందట.

"యంత్రానిక్కూడా నమ్మబుద్ధి కాలేదన్నమాట" అని తను నవ్వింది. తను నవ్వి చాలా రోజులైంది. నా ఉబ్బరిణె పోతే పోయింది.

తనది ఉంది.

ఆ మాట ఇక్కడ రాయను. కేసు తేలేదాకా ఎక్కడా రాయకూడదు. అర్థం రాస్తాను. మా పుస్తకంలో: 'పక్కమీంచి మనిషి లేచి వెళ్ళాక ఆ చోట కాసేపు మిగిలే వెచ్చదనం.' వాళ్ళ దాంట్లో: 'నిద్ర లేచినవారి పడకపై కొంతసేపు నిలిచే వేడి.' చొక్కా మార్చినా మనిషి దొరికాడు.

జనం ఈ మాటని తెగ వెతికారట. అందుకే యంత్రం ఉంచేసింది. ఆశ్చర్యమేముంది? అలాంటి మాట ఒకటి ఉండాలని అందరికీ అనిపిస్తుంది. మంచి మాట కట్టింది తను. ఎలా తట్టిందో.

జూన్ 7

ఎలా తట్టిందో అడగలేదు.

జూన్ 12

బావమరిది సంబరం పట్టలేకపోతున్నాడు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ కళ్ళు పరీక్ష చేస్తూ మా కేసు చెబుతున్నాడట. ఇవాళ కాఫీ తాగుతూ, "అయినా అక్కా, ఆ మాట మన పిట్ట..." అన్నాడు.

"కొట్టు ఎవరు చూస్తున్నారు?" అన్నాను నేను.

ఆగిపోయాడు. కప్పు కింద పెట్టి, కుర్రాళ్ళకి అప్పజెప్పి వచ్చానని ఏదో గొణిగాడు. తను కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. కుళాయి చాలాసేపు పారింది.

పిట్ట పేరు ఈ ఇంట్లో ఎత్తం. పంతొమ్మిదేళ్ళ నుంచీ ఎత్తడం లేదు. ఐదేళ్ళ కూతురు పోయిన ఇంట్లో ఎవరి పద్ధతి వాళ్ళకుంటుంది. మా పద్ధతి ఇది.

జూన్ 19

అఫిడవిట్ వచ్చింది. ఒకటో గడి, మాట. రెండో గడి, అర్థం. మూడో గడి, కల్పించినవారు. కింద ప్రకటన: 'ఈ మాట పై నిఘంటువులో అచ్చు కాకముందు ఏ మనిషి నోటా రాలేదనీ, ఏ రాతలోనూ లేదనీ ప్రమాణం చేస్తున్నాను.' సంతకం నాది. ప్రధాన సంపాదకుణ్ణి నేనే కాబట్టి.

తనని నింపమన్నాను. తన దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. మొదటి రెండూ నింపింది. మూడోది వదిలేసి కాగితం నా వైపు జరిపింది.

"ఇది మర్చిపోయావు."

"మర్చిపోలేదు. అది మీరు నింపండి."

'సంపాదకవర్గం' అని రాశాను. సంపాదకవర్గమంటే మేమిద్దరమే కదా. అందులో తప్పేముంది? తను ఆ నాలుగంగుళాల గడిని చూసింది. కలానికి మూత పెట్టి, పెట్టిన మూతని ఇంకోసారి నొక్కి, లేచి వెళ్ళింది.

జూన్ 20

లాయరమ్మ ఫోను. "సంతకం పెట్టేముందు ఒక్క మాట సార్. వాళ్ళ లాయరు మిమ్మల్ని దీని దగ్గరే పట్టుకుంటాడు. ఆ మాట జనంలో ఉందని తేలితే, మేమూ జనం దగ్గరే విన్నామంటారు. ఎక్కడైనా, ఎవరైనా అనగా విన్నారా? ఏదున్నా నాకు ముందే చెప్పండి. లాయరు దగ్గర దాచకూడదు."

"ఏమీ లేదమ్మా."

సంతకం పెట్టాను.

జూన్ 21

ఏమీ లేదు.

జూన్ 28

రాయక తప్పేలా లేదు. ఎవరు చూస్తారు గనక.

తను ఎప్పుడూ నాకన్నా ముందే లేస్తుంది. అప్పట్లో మా ఇద్దరి మధ్యా పిట్ట పడుకునేది. తల్లి ఇలా లేవడం, అది కళ్ళు తెరవకుండానే అలా దొర్లుకుంటూ తల్లి చోటులోకి పోవడం. చలికాలమైతే మరీ. ఆ చోటుకి అదే ఒక పేరు పెట్టింది. నిఘంటువులు రాసేవాళ్ళ పిల్ల, పొద్దస్తమానం పుట్టిల్లు, పొదరిల్లు అని వింటూ ఉండేది, వాటి అచ్చులోనే పోసింది. రెండు మాటలు కలిపి, మధ్యలో ఒక అచ్చు జార్చి, ఏ పండితుడూ తప్పు పట్టడానికి లేకుండా కట్టింది. నేను నవ్వి, "సంధి సరిగ్గా కుదిరిందే" అన్నాను. "సంధి అంటే?" అంది. "రెండు మాటలు పక్కపక్కన పడుకుంటే మధ్యలో ఖాళీ లేకుండా పోవడం" అన్నాను. దానికి అది తెగ నచ్చింది. మా ఇద్దరి చేతులూ లాగి తనమీద వేసుకుని, సంధి, సంధి అని అరిచింది.

ఆసుపత్రిలో పదకొండు రోజులు. దాని గురించి రాయను.

అది పోయిన మూడు నెలలకి నా బల్లమీద ట్రేలో, కొత్త కార్డుల మధ్యలో, ఒక కార్డు కనిపించింది. తన దస్తూరీ. ఆ మాట, కింద అర్థం. నా కళ్ళముందు ఏమీ కనిపించలేదు. ఎర్ర పెన్సిల్ తీసి, కార్డు మీద అడ్డంగా 'ఆధారం?' అని రాసి, తిరిగి ట్రేలో పడేశాను.

మరేం చేయను? నియమం అందరికీ ఒకటే. కవుల మాటలే వెనక్కి పంపాను, మంత్రిగారు పంపించిన మాటల్నీ వెనక్కి పంపాను. ఆ రోజు ఆ ఒక్క కార్డుకి ఏడిస్తే రెండొందల పన్నెండు సొరుగులూ నామీద కూలిపోయేవి. పని ఒక్కటే మిగిలింది నాకు. దాన్ని నియమం ప్రకారం చేశాను.

కార్డు వెనక ఏమీ లేదు. నాకు బాగా గుర్తు. వెనక ఖాళీ.

తను ఒక్క మాట అనలేదు. ఎప్పుడూ అనలేదు. పదేళ్ళ తరవాత ఎరమాటల కోసం కూర్చున్నప్పుడు, "నాది ఇది" అని కాగితం ముందుకు జరిపింది. చదివాను. ఎరమాటకి ఆధారం అక్కర్లేదు, లేకపోవడమే దానికి అర్హత. ఆ మాట మా పుస్తకంలోకి రావడానికి ఇంకో తలుపు లేదు మరి. నేను "బాగుంది" అన్నాను. బాగుంది అన్నాను, అంతే. ఉబ్బరిణె గురించి మాట్లాడటం మొదలుపెట్టాను.

జూన్ 29

నిన్న రాసింది చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

కార్డు వెనక ఖాళీయే.

జూలై 8

రేపు విచారణ. నా నీలం చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించింది. నేను కుర్చీలో కూర్చుని చెప్పాల్సినవి వల్లె వేసుకుంటున్నాను. ఇక ఆగలేక అడిగాను.

"రేపు అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి వైరు చుట్టింది. "మీకు ఆధారం ఉన్నదే చెప్పండి" అంది.

మనసు తేలికపడింది. నా నియమం నాకే గుర్తుచేసింది. తనకీ ఇష్టమేనన్నమాట. గెలవాలని తనకి మాత్రం ఉండదా? ఇరవై ఆరేళ్ళు తనవీ కదా.

జూలై 9

గెలుస్తామంటోంది లాయరమ్మ.

కోర్టు గది నేననుకున్నంత పెద్దదేం కాదు. ఫ్యాను కిర్రుమంటోంది. జడ్జిగారికి జలుబు. అవతలి లాయరు నన్ను గౌరవంగానే అడిగాడు, అదే విసుగు. మా మూడో సంపుటం తెరిచి ఆ మాట పైకి చదివాడు. పంతొమ్మిదేళ్ళ తరవాత ఆ మాట ఒక మనిషి నోట విన్నాను. ఉచ్చారణ బాగానే ఉంది. ద్విత్వం ఒత్తి పలికాడు.

"ఇలాంటి మాట మా యంత్రం తనే కట్టి ఉండొచ్చు" అన్నాడతను.

"మాట కట్టొచ్చు. పక్కమీది వెచ్చదనం అనే అర్థం దానికి ఎవరు చెప్పారు?" అంది మా లాయరమ్మ. బావమరిది వెనక వరసలో చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

"అయితే జనంలో ఉండి ఉండాలి" అని అతను నా వైపు తిరిగాడు. "అయ్యా, ఈ మాట మీ పుస్తకంలోకి రాకముందు ఎవరైనా అనగా మీరు విన్నారా?"

తను బావమరిది పక్కన కూర్చుని ఉంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పిడి రెండు చేతులా పట్టుకుని. నా వైపే చూస్తోంది. ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. దేనికోసమో అనుకున్నాను.

"లేదు" అన్నాను.

జడ్జిగారు ముక్కు తుడుచుకుని, "కొంచెం గట్టిగా చెప్పండి, రాసుకోవాలి" అన్నారు.

"లేదు. ఎవరూ ఎప్పుడూ అనలేదు. నేను వినలేదు."

టైపు చేసే అమ్మాయి మూడు వాక్యాలూ టకటకా కొట్టింది.

జూలై 10

తనే చెప్పమంది. ఆధారం ఉన్నదే చెప్పమంది.

జూలై 11

వంటింట్లోకి నేను వెళితే తను హాల్లోకి వస్తోంది. హాల్లోకి వస్తే వెనక గదిలోకి. కోపమా అంటే కాదు. ఇరుకింట్లో ఒకరికొకరు అడ్డు తప్పుకుంటామే, అలాగ.

జూలై 30

గెలిచాం.

తీర్పు పదహారు పేజీలు. వాళ్ళు మా పుస్తకాన్ని ఎత్తుకున్నారని జడ్జిగారు నమ్మారు. మా మాటలన్నీ యాప్‌లోంచి తీసేయాలి. నాలుగో కూర్పు వేస్తామని ప్రచురణకర్త మధ్యాహ్నమే ఫోను చేశాడు. బావమరిది పూలగుత్తి తెచ్చి నా చేతిలో పెట్టి, ఎందుకో నాకు పెట్టకుండా వాళ్ళక్కకి దణ్ణం పెట్టాడు.

తీర్పు పదకొండో పేజీలో ఉంది: 'సదరు మాట పూర్తిగా కల్పితమనీ, దానికి వాడుక గానీ, వాడినవారు గానీ లేరనీ ప్రధాన సంపాదకుడు ప్రమాణపూర్వకంగా చెప్పిన సాక్ష్యాన్ని ఈ కోర్టు అంగీకరిస్తున్నది.' నాలుగో కూర్పులోంచి ఆ మాట మేమే తీసేయాలి కూడా. బయటపడిన ఎర ఇంకెందుకు?

బావమరిది ఫోనులో వెతికాడు. అప్పుడే తీసేశారు. 'ఈ మాట లేదు. మీ ఉద్దేశం ఇదా?' అని, ఖర్చుపెట్టడానికి సంబంధించిన ఇంకేదో మాట చూపించింది.

"లేదట బావా" అన్నాడు. పూలకి నీళ్ళు పోయడానికి వెళ్ళాను.

ఆగస్టు 2, శనివారం

తీర్పు నకలు ఇవ్వడానికి లాయరమ్మ ఇంటికి వచ్చింది. సొరుగులు చూస్తానంది. చూపించాను. చిన్నపిల్లలాగా ఒక్కో సొరుగూ లాగి చూసింది. బావమరిది ఇక ఉండబట్టలేకపోయాడు.

"కేసు గెలిపించిన మాట ఎవరిదనుకున్నావమ్మా? మా మేనకోడలిది. ఐదేళ్ళప్పుడు కట్టింది."

నేను అతని వైపు చూశాను. ఈసారి ఆగలేదు. "ఎన్నాళ్ళు బావా?" అన్నాడు నాతో.

లాయరమ్మ చేతిలో సొరుగు అలాగే ఉండిపోయింది. "మీ అమ్మాయా? ఎక్కడుంది?"

తను చెప్పింది. రెండే మాటల్లో చెప్పింది.

లాయరమ్మ సొరుగు నెమ్మదిగా మూసి, "నేను మిమ్మల్ని అడిగాను సార్" అంది.

"ఒకరైనా అన్నారని తేలితే కేసు పోతుందని..."

"జనంలో ఉంటే పోతుందన్నాను. ఇంట్లో ఐదేళ్ళ పిల్ల అన్న మాట యంత్రం ఎక్కడ వింటుంది సార్? మీ గడప దాటి పుస్తకంలోకి వచ్చింది, పుస్తకంలోంచి వాళ్ళకి పోయింది, అదే మనకి కావలసింది. ఇంకా గట్టిగా నిలబడేది. మూడో గడి ఉన్నదే అందుకు కదండీ. కింది ప్రకటన మార్చి, కల్పించినవారు అన్నచోట ఆ పాప పేరే రాసేదాన్ని. తీర్పులో ఆ పేరే ఉండేది."

ఆమె సంచీ తీసుకుంది. వెళుతూ వెళుతూ మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. నావైపు చూడలేదు.

ఆగస్టు 3

తిరస్కరించిన కార్డులకి మా దగ్గర ఒక సొరుగుంది. నా బల్లకిందే, కుడివైపు మూడోది. పెన్సిళ్ళూ అందులోనే ఉంటాయి, రోజుకి నాలుగుసార్లు తెరుస్తాను. తను గుడికో పనికో కాదు, ఊరికే నడిచి వస్తానని బయటికి వెళ్ళింది. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. అన్నిటికన్నా పైన, పెన్సిళ్ళకి ఆనుకుని ఉంది. ఎన్నాళ్ళ నుంచి పైనుందో.

ముందు వైపు తన దస్తూరీ, దానిమీద అడ్డంగా నా ఎర్ర పెన్సిల్. 'ఆధారం?'

తిప్పాను.

అన్నవారు: మా అమ్మాయి.
వయసు: ఐదేళ్ళ రెండు నెలలు.
సందర్భం: పొద్దున నేను లేచాక నా చోటికి దొర్లి.
వాక్యం: 'అమ్మా, నువ్వెళ్ళి పని చేసుకో. నీ వెచ్చిల్లులో నేనుంటాను.'
విన్నవారు: తల్లి, తండ్రి.

నియమం ప్రకారం అన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరం తక్కువ లేదు. నోటి మాటకి ఒక్క ఆధారం చాలు.

విన్నవారు తల్లి, తండ్రి.

ఎన్ని వేల కార్డులు తిప్పాను. చేతికొచ్చిన ఏ కార్డునీ తిప్పకుండా పక్కన పెట్టిన రోజు లేదు. దీన్నొక్కదాన్నే తిప్పలేదు. వెనక ఖాళీ అని ఈ డైరీలో రెండుసార్లు రాశాను. ఖాళీ కాదని నాకు తెలుసు. తిప్పితే ఏం ఉంటుందో తెలుసు గనకే తిప్పలేదు. నా బిడ్డ గొంతు అక్కడుందని తెలిసి, దాన్ని బోర్లా పడేసి, సాక్ష్యం చూపించమని దాని తల్లిని అడిగాను.

ఆగస్టు 4

చెప్పాను. కార్డు చేతిలో పట్టుకుని తన ముందు నిలబడ్డాను, చూశానని చెప్పాను.

తను బట్టలు మడత పెడుతోంది. "పైనే పెట్టేదాన్ని" అంది. "కొత్తవి ఏవి వచ్చి పడినా దాన్ని తీసి పైన పెట్టేదాన్ని. ఎప్పుడో ఒకప్పుడు తిప్పకపోతారా అని."

"క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు."

"కోర్టులో తిప్పుతారనుకున్నాను." దిండుగలీబు సగానికి మడిచింది. "ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నిలబెట్టి అడుగుతుంటే, ఇక తప్పించుకోవడానికి లేదు, ఇవాళ చెబుతారు, నలుగురిలో నా కూతురి మాట చెబుతారు అనుకున్నాను. చెబితే ఓడిపోతామనే అనుకున్నాను నేను కూడా. ఓడిపోతే పోనీ అనుకుని వచ్చి కూర్చున్నానండీ."

"జడ్జిగారి దగ్గరికి వెళ్ళి చెబుతాను. అబద్ధం చెప్పానని రాసిస్తాను."

"అది మీ ఇష్టం."

"నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను."

అప్పుడు చూసింది నా వైపు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "నాకింక ఓపిక లేదు" అంది. "నాలుగో కూర్పు మీరు చేసుకోండి. నేను తమ్ముడి దగ్గర కొన్నాళ్ళు ఉంటాను."

"ఎన్నాళ్ళు?"

మడతపెట్టిన బట్టల్లో తనవి ఒక పక్కకీ నావి ఒక పక్కకీ ఉన్నాయని అప్పుడు చూశాను.

ఆగస్టు 5

బావమరిది వచ్చి తీసుకెళ్ళాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ఒక్క జోకు వేయలేదు.

ఆగస్టు 7

లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. తప్పుడు ప్రమాణం చేశానని అర్జీ పెడతానన్నాను. "తీర్పు తిరగదోడతారు సార్. వాళ్ళకి మీరే తలుపు తీసినట్టు. మీమీద కేసు కూడా పెట్టొచ్చు. నాలుగో కూర్పు ఆగిపోతుంది" అంది.

"ఆగనివ్వమ్మా."

కొత్త అఫిడవిట్ తీసి ఇచ్చింది. నా దస్తూరీ కోడి కెలికినట్టుంటుంది, అయినా నేనే నింపాను. మాట. అర్థం. మూడో గడిలో పిట్ట పూర్తి పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. కలం రెండో అక్షరం దగ్గర ఆగింది. స్పెల్లింగు మర్చిపోయాననుకుందేమో, "పరవాలేదు, నెమ్మదిగా రాయండి" అంది లాయరమ్మ. కింద, 'విన్నవారు: తండ్రి' అని రాసి సంతకం పెట్టాను. తల్లి తరఫున నేను రాయకూడదు.

నకలు ఒకటి కవరులో పెట్టి బావమరిది కొట్టులో ఇచ్చి వచ్చాను. "అక్కకి ఇస్తాను" అన్నాడు.

ఆగస్టు 9, శనివారం

పొద్దున తెలివొచ్చి, అలవాటు చొప్పున తన చోట చెయ్యి వేశాను. దుప్పటి చల్లగా ఉంది. నాలుగు రోజులైంది కదా. మధ్యలో పిట్ట పడుకునే చోటుకి కూడా చెయ్యి చాపాను. ఎందుకు చాపానో.

వెచ్చిల్లు, అన్నాను.

పైకే అన్నాను. గట్టిగా, రాసుకునేవాళ్ళకి వినిపించేంత గట్టిగా. ద్విత్వం ఒత్తి పలికాను.

అన్నవారు: తండ్రి. వయసు: అరవై ఒకటి.

విన్నవారు: ఎవరూ లేరు.